చదవాల్సిన పుస్తకాల లిస్టు మొహం మొత్తకుండా ఉండాలంటే

నా ఫోన్‌లో "చదవాలి" అని ఒక నోట్ ఉండేది. కొండవీటి చాంతాడంత పొడుగు. ఒక ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని లెక్కపెడితే 143 పేర్లు తేలాయి. 38వ నంబరు దగ్గర ఇలా ఉంది: "నీలం అట్ట, నది గురించి, తప్పకుండా!" పుస్తకం పేరు లేదు, రాసినవాళ్ల పేరు లేదు, ఆశ్చర్యార్థకం మాత్రం ఉంది. ఎవరు చెప్పగా రాసుకున్నానో ఎంత తల గోక్కున్నా గుర్తు రాలేదు.

నిజానికి ఆ లిస్టు తెరవడమే మానేసి అప్పటికి చాలా కాలమైంది. రాత్రి కాస్త ఖాళీ దొరికి అది చూడగానే ఎవరికో బాకీ పడ్డట్టు అనిపించేది. దాంతో దాన్ని మూసేసి, ఏవో వీడియోలు చూస్తూ నిద్రపోయేవాణ్ని. చదవడం మీద ఇష్టం పోయిందా అంటే, లేదు. లిస్టు రాసేది ఒక మనిషి, చదివేది ఇంకో మనిషి, అదీ సంగతి. ఎవరో ఒక పుస్తకం గురించి కళ్లు మెరిసేలా చెబుతున్నప్పుడు మనం రాసుకుంటాం. అప్పుడు అందరం ఆరంభశూరులమే. చదవబోయేసరికి రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది, కళ్లు మండుతుంటాయి, బుర్రలో ఆఫీసు గోల ఇంకా తిరుగుతూనే ఉంటుంది. లిస్టును ఈ రెండో మనిషికి సరిపోయేలా సర్దుకోవాలి. నేను ఎలా సర్దుకున్నానో అదే వరసలో చెబుతాను. మీకు కావాల్సిందల్లా ఒక పూట ఖాళీ, నాలుగు కాగితాలు, ఒక పెన్సిల్.

1. అన్నీ ఒక్క చోటికి తెండి

మన లిస్టు ఎప్పుడూ ఒక్క చోట ఉండదు. ఫోన్ నోట్స్‌లో కొన్ని, స్నేహితుల చాట్‌లో స్టార్ పెట్టుకున్నవి కొన్ని, ఆన్‌లైన్ విష్‌లిస్టులో కొన్ని, పుస్తకాల వెబ్‌సైట్ గుడ్‌రీడ్స్‌లో కొన్ని, కొని అరలో పెట్టేసినవి మరికొన్ని. అన్నిటినీ కాగితం మీదికి ఎక్కించండి. చేత్తో రాయండి. కాపీ చేసి అతికిస్తే కళ్లు పేర్ల మీదుగా జారిపోతాయి. అదే చేత్తో రాస్తుంటే ముప్ఫయ్యో పేరు దగ్గరికి వచ్చేసరికి "ఇది నాకెందుకు అసలు?" అని చెయ్యి దానంతటదే ఆగుతుంది. అలా ఆగిన చోట చిన్న చుక్క పెట్టుకుని ముందుకెళ్లండి. ఇప్పుడే ఏదీ కొట్టేయొద్దు.

కొని చదవకుండా అరలో ఉంచినవాటిని చూసి సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. ఆ అలవాటుకి జపాన్ భాషలో "త్సుందోకు" అని ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, అది 19వ శతాబ్దం నాటిది. కాబట్టి ఈ జబ్బు మనతో మొదలైంది కాదు.

2. ప్రతి పేరు పక్కనా ఎందుకో రాయండి

పని మొత్తంలో కాస్త కష్టమైనది ఇదే, ఎక్కువ ఫలితం ఇచ్చేదీ ఇదే. ప్రతి పుస్తకం పక్కన రెండు మూడు మాటల్లో అది లిస్టులోకి ఎలా వచ్చిందో రాయండి. నా కాగితం మీద కొన్ని ఇలా ఉన్నాయి: "తేనెటీగల గురించి తెలుసుకోవాలని." "చెల్లి ఏడ్చిందట చదివి." "ఆఫీసులో పనికొస్తుంది." "అందరూ చదివారు, నేనొక్కణ్నే చదవలేదు." "ప్రైజు వచ్చింది." "తెలీదు."

నలభై యాభై రాశాక చూస్తే అన్నీ కలిపి నాలుగైదు రకాలే అని తెలుస్తుంది. ఆసక్తితో చేరినవి, మనకు నచ్చిన మనిషి చెప్పినవి, పనికోసం చేరినవి, చదవకపోతే పరువు పోతుందని చేరినవి, ఎందుకో తెలియనివి. పరువు కోసం చేరినవి నా లిస్టులో 51 ఉన్నాయి. మూడో వంతుకు పైనే! ఎవరైనా "అదేంటి, అది చదవలేదా?" అంటారేమోనన్న భయంతో ఇన్నేళ్లు మోస్తున్నానన్నమాట. ఆలోచిస్తే ఆ మాట నన్ను అడిగినవాళ్లు ఇప్పటిదాకా ఇద్దరో ముగ్గురో.

పరువు జాతి పుస్తకాలన్నీ చెత్త అని అనడం లేదు. చాలావరకు గొప్పవే, అందుకే కదా అందరూ చెప్పుకుంటారు. కానీ పరువు మనల్ని ఇరవయ్యో పేజీ దాకానే లాక్కెళ్తుంది, ఆపైన ఈడ్చలేదు. కాబట్టి అలాంటి ప్రతి పుస్తకానికీ ఒకే ప్రశ్న వేయండి: ఇది చదివానని ఎవరికీ ఎప్పటికీ చెప్పుకోకూడదంటే, అప్పుడైనా చదువుతానా? అవునంటే ఉంచండి. తడబడితే కొట్టేయండి. 51లో నాకు 14 మిగిలాయి.

"తెలీదు" అని రాసినవాటిని రెండో ఆలోచన లేకుండా తీసేయొచ్చు. నిజంగా కావాల్సినదైతే మళ్లీ ఎక్కడో కనబడుతుంది.

పనికోసం చదవాల్సినవాటిని వేరే కాగితం మీదికి మార్చేయండి. వాటి సంగతి వేరు, వాటికి గడువు ఉంటుంది. సరదాగా చదివేవాటి మధ్య అవి కూర్చుంటే మొత్తం లిస్టుకే ఆఫీసు వాసన వస్తుంది.

3. మీ పేజీల లెక్క తేల్చుకోండి

మీరు నిమిషానికి ఎన్ని మాటలు చదువుతారో పట్టించుకోకండి. ఇంగ్లీషు చదివేవాళ్ల కోసం వేసిన లెక్కలు తెలుగుకు అతకవు. ఇంగ్లీషులో నాలుగు మాటలయ్యేది మనకు ఒక్క మాటలో ఇమిడిపోతుంది. "చెప్పలేకపోయినందువల్ల" అనేది ఒక్క మాటే మరి. పేజీల్లో లెక్కపెట్టుకోండి. మామూలుగా చదివే వేళలో, మామూలుగా అలసిపోయి ఉన్నప్పుడే, 20 నిమిషాలు చదివి ఎన్ని పేజీలైందో చూడండి. మూడు రోజులు చూసి సగటు తీయండి.

నాకు 12 వచ్చింది. వారానికి ఐదు రోజులు చదువుతాననుకుంటే 60 పేజీలు. 240 పేజీల పుస్తకానికి నాలుగు వారాలు. అంటే ఏడాదికి 13 పుస్తకాలు. 143ని 13తో భాగిస్తే 11. లిస్టులో ఇంకొక్క పేరు కూడా కలపకుండా ఉంటే పదకొండేళ్లకు అది పూర్తవుతుంది! ఈ లెక్క తేలాక నాకు దిగులు వేస్తుందనుకున్నాను. వింతగా, హాయిగా అనిపించింది. పూర్తి చేయడం అనేది జరిగే పని కాదని అంకెల్లో కనబడ్డాక ఇక టెన్షన్ దేనికి?

4. పెద్ద లిస్టుని దాచేసి, చిన్న లిస్టు కళ్లెదుట పెట్టుకోండి

మిగిలిన పేర్లను పెద్ద లిస్టుగా ఒక చోట దాచండి. దాంతో రోజూ పని లేదు. అందులోంచి ఐదంటే ఐదు పుస్తకాలు తీసి ఒక చీటీ మీద రాసి, మీరు చదువుకునే చోట అంటించుకోండి. ఇదే మీ అసలు లిస్టు.

ఆ ఐదూ ఎలా ఎంచుకోవాలన్నది ముఖ్యం. ఒకే రకం ఐదు పెట్టుకుంటే వారంలో మొహం మొత్తుతుంది. నేను మొదటిసారి అదే తప్పు చేశాను: మూడు లావుపాటి చరిత్ర పుస్తకాలు, రెండు తత్వం. పది రోజులు ఒక్క పేజీ కదల్లేదు. ఆ తర్వాత సబ్జెక్టును బట్టి ఎంచుకోవడం మానేసి, నా రోజు ఎలా గడుస్తుందో దాన్ని బట్టి ఎంచుకున్నాను. ఇలా:

ఒకటి, బాగా అలసిన రాత్రికి. కథ తనంతట తానే లాక్కుపోవాలి. డిటెక్టివ్ నవలైనా పర్వాలేదు, హాస్యమైనా పర్వాలేదు.

ఒకటి, బుర్ర తాజాగా ఉన్న ఉదయానికి. పెన్సిల్ పట్టుకుని నెమ్మదిగా చదవాల్సింది.

ఒకటి, ముక్కలు ముక్కలుగా చదవడానికి వీలైంది. కథల సంపుటి, వ్యాసాలు, కవితలు, ఉత్తరాలు. ఎవరికోసమో ఎదురుచూసే పది నిమిషాల్లో మొదలై అయిపోవాలి.

ఒకటి, ఇంతకుముందు చదివి ఇష్టపడ్డది. మళ్లీ చదవడాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు, అదేదో టైమ్ వేస్ట్ అన్నట్టు. నా ఉద్దేశంలో లిస్టుని బతికించేది ఈ ఒక్క గడే. ఏదీ చదవబుద్ధి కాని వారాల్లో తెలిసిన పుస్తకమే మళ్లీ చదువులోకి దింపుతుంది.

ఐదోది మీ ఇష్టం. పూర్తిగా కొత్త దారిలో ఒకటి. మీరు ఎప్పుడూ ముట్టుకోని సబ్జెక్టు, లేదా ఎప్పుడూ చదవని దేశం.

ఒకటి పూర్తయితే దాని గడిలోకే పెద్ద లిస్టులోంచి ఇంకోటి వస్తుంది. బరువైనది ముగిసిన రోజే మరో బరువైనది ఎత్తుకోకండి. మధ్యలో సన్నపాటిదేదైనా ఒకటి చదవండి. సిరీస్ అయినా అంతే: మొదటి భాగం నచ్చిందని ఏడు భాగాలూ వరసబెట్టి కూర్చుంటే నాలుగోదానికల్లా రచయిత శైలి అంతా కంఠతా వచ్చేసి విసుగు పుడుతుంది.

ఒకేసారి ఎన్ని తెరిచి ఉంచొచ్చు అని అడుగుతుంటారు. రెండు నవలలు మాత్రం ఒకేసారి వద్దు, ఇందులోని మనుషులు అందులోకి వెళ్లిపోతారు. ఒక నవల, ఒక కథేతర పుస్తకం, ఒక ముక్కల పుస్తకం అయితే ఇబ్బంది ఉండదు.

5. ఎక్కించే ముందు రుచి చూడండి

చిన్న లిస్టులోకి పుస్తకాన్ని చేర్చే ముందు పది నిమిషాలు దానితో గడపండి. ఈ-బుక్ అయితే శాంపిల్ ఉచితంగా దొరుకుతుంది, సాధారణంగా పుస్తకం మొదట్లో పదో వంతు. అచ్చు పుస్తకమైతే మొదటి మూడు పేజీలు, తర్వాత నడిమధ్య ఎక్కడో ఒక పేజీ చదవండి. మొదటి పేజీలను ఏ రచయితైనా పదిసార్లు చెక్కే ఉంటాడు. అసలు నడక ఎలా ఉందో నడిమధ్య పేజీ చెబుతుంది. అనువాదమైతే ఇది మరీ అవసరం. వాక్యం నోట్లో తిరగకపోతే, అదే పుస్తకానికి ఇంకో అనువాదం ఉందేమో వెతకండి.

6. వదిలేయడం నేర్చుకోండి

చెప్పినంత తేలిక కాదు ఇది. నా అరలో 900 పేజీల పుస్తకం ఒకటి ఉండేది. 61వ పేజీలో గుర్తుకోసం పెట్టిన కరెంటు బిల్లు రెండేళ్లుగా అక్కడే ఉంది. బిల్లు మీద అంకెలు వెలిసిపోయాయి కూడా. ఆ రెండేళ్లూ "ముందు అది పూర్తి చేసి, తర్వాత కొత్తది" అనుకుంటూ నేను ఏదీ సరిగ్గా చదవలేదు. ఒక్క పుస్తకం గుమ్మానికి అడ్డంగా పడుకుంది.

డబ్బు పెట్టాం కదా, ఇంత దూరం వచ్చాం కదా అన్న లెక్కే మనల్ని కట్టిపడేస్తుంది. దీని మీద 1985లో హాల్ ఆర్క్స్, క్యాథరిన్ బ్లూమర్ అనే పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. నాటకాల సీజన్ టికెట్లు కొనేవాళ్లలో కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు అమ్మారు. చూసేవి అవే నాటకాలు. అయినా పూర్తి ధర పెట్టినవాళ్లే సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు వెళ్లారు. మన కరెంటు బిల్లు కథా అదే. పెట్టిన డబ్బు ఎలాగూ తిరిగి రాదు, చదివినా రాదు, మానినా రాదు.

ఎన్ని పేజీల దాకా అవకాశం ఇవ్వాలి? అమెరికా లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ చెప్పిన సూత్రం నాకు నచ్చింది. మీ వయసు 50 లేదా అంతకు తక్కువైతే 50 పేజీలు చదవండి, పట్టకపోతే మూసేయండి. 50 దాటితే 100లోంచి మీ వయసు తీసేయండి, వచ్చినన్ని పేజీలు చాలు. అంటే 64 ఏళ్లవాళ్లకు 36 పేజీలు. నూరేళ్లు నిండినవాళ్లు అట్ట చూసే తీర్పు చెప్పేయొచ్చట! వయసు పెరిగేకొద్దీ సమయం తక్కువవుతుంది కాబట్టి ఓపిక కూడా తగ్గించుకోవచ్చని దాని లెక్క. నేను ఒక చిన్న సవరణ చేసుకున్నాను. 150 పేజీల సన్నపాటి పుస్తకానికి 50 అంటే మూడో వంతు, కాబట్టి అలాంటివాటికి 25తో సరిపెడతాను.

వదిలేసేటప్పుడు అలా గిరాటు వేయకండి. ఆగిన పేజీ నంబరు, ఎందుకు ఆగారో ఒక్క వాక్యం రాసుకోండి. "పేర్లు ఎక్కువ, వంశవృక్షం గీసుకుంటే తప్ప కుదరదు." "ఇప్పుడు చావు గురించి చదవలేను." "రచయితకు తన గొంతంటే తనకు మహా ఇష్టం." ఈ మూడూ ఒకటి కాదు. మొదటిది సెలవుల్లో మళ్లీ చూడొచ్చు. రెండోదాంట్లో పుస్తకం తప్పేమీ లేదు, దానికి సమయం ఇది కాదంతే, ఏడాది తర్వాత మళ్లీ తెరవాలి. మూడోది ఇక జన్మలో వద్దు. ఇలా ఒక పదిహేను వాక్యాలు పోగయ్యాక తిరగేస్తే మీ రుచి మీకే కొత్తగా తెలుస్తుంది. పెద్ద పెద్ద వర్ణనలంటే నాకు ఇష్టమని చిన్నప్పటినుంచీ అనుకునేవాణ్ని. నా వాక్యాల్లో సగం వాటి మీద ఫిర్యాదులే.

పేజీలు దాటేయడం కూడా పనికొచ్చే పద్ధతే. కథేతర పుస్తకాల్లో నచ్చిన అధ్యాయాలు మూడు చదివి మూసేస్తే తప్పేం లేదు, వాటికి విషయసూచిక పెట్టేది అందుకే. నవలల్లో మాత్రం ఎక్కడెక్కడో దాటేస్తుంటే అది ఇక వదిలేయాల్సిన పుస్తకమని అర్థం.

ఆడియోబుక్ సంగతి రెండు మాటల్లో. వింటే చదివినట్టేనా అన్న గొడవలోకి నేను దిగను. ఆత్మకథలు, కథ వేగంగా నడిచే నవలలు వినడానికి బాగుంటాయి. పటాలు, పట్టికలు, ముప్ఫై పాత్రలు ఉన్నవి వింటే తల తిరుగుతుంది. అచ్చులో ముందుకు సాగనిది ఆడియోలో సాగిపోవచ్చు, వదిలేసే ముందు ఒకసారి అలా ప్రయత్నించండి.

7. అంకెలతో జాగ్రత్త

ఏడాదికి ఇన్ని పుస్తకాలు అని గుడ్‌రీడ్స్ లాంటి చోట్ల లక్ష్యం పెట్టుకోవడం చాలామందికి అలవాటు. కొందరికి అది బాగానే ఉంటుంది, జనవరిలో ఊపునిస్తుంది. నా విషయంలో ఏమైందో చెబుతాను. ఒక ఏడాది 30 అని పెట్టుకున్నాను. డిసెంబరు మధ్యకల్లా 26 అయ్యాయి. మిగతా నాలుగూ ఎలా ఎంచుకున్నానంటే, అరలోంచి వెన్ను సన్నగా ఉన్నవి వెతికి వెతికి తీశాను. లక్ష్యం పూర్తయింది, స్క్రీన్ మీద అభినందన వచ్చింది. ఆ నాల్గింటిలో ఒక్కదాని పేరైనా ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. పైగా ఆ ఏడాదంతా లావు పుస్తకాల జోలికే పోలేదు, అంకె పాడవుతుందని.

లక్ష్యం లేకపోతే కుదరని మనిషైతే పుస్తకాలకు బదులు రోజులు లెక్కపెట్టండి. క్యాలెండర్‌లో చదివిన రోజు మీద ఒక గీత. నెలకు ఇరవై గీతలుంటే బ్రహ్మాండం. 900 పేజీలదైనా, సన్నపాటిదైనా గీత గీతే.

8. కొత్తవి లోపలికి వచ్చే దారి సన్నం చేయండి

ఇంత సర్దినా, తలుపు బార్లా తెరిచి ఉంచితే ఆరు నెలల్లో మళ్లీ మొదటికే వస్తుంది. ఎవరైనా పుస్తకం చెప్పగానే నేరుగా లిస్టులోకి ఎక్కించకండి. వేరుగా ఒక చీటీ ఉంచుకుని అందులో నాలుగు సంగతులు రాయండి: పేరు, రాసినవారు, ఎవరు చెప్పారు, ఏ మాట విని ఆశ పుట్టింది. నెల తర్వాత చూసినప్పుడు ఆ ఆశ ఇంకా కదిలితేనే పెద్ద లిస్టులోకి ప్రవేశం. సగానికి సగం ఆ నెలలోనే చల్లారిపోతాయి.

స్నేహితులు చేతిలో పెట్టి "చదివి చెప్పు" అనే పుస్తకాలతోనే మొహమాటం. తీసుకునేటప్పుడే "ఇప్పుడు వరసలో ఐదున్నాయి, నెల తర్వాత ఇవ్వవా" అనేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. తీసుకుని ఏడాది ఉంచుకుంటేనే స్నేహం చెడుతుంది.

9. మూడు నెలలకోసారి కలుపు తీయండి

లైబ్రరీల్లో ఎవరూ తీసుకోని, పాతబడిన పుస్తకాలను అరల్లోంచి తీసేసే పనిని "వీడింగ్" అంటారు. అక్షరాలా కలుపు తీయడమే. పుస్తకాలను కాపాడటమే వృత్తిగా ఉన్నవాళ్లే ఆ పని మామూలుగా చేస్తున్నప్పుడు మన లిస్టులోంచి ఒక పేరు కొట్టడానికి మనకెందుకు చెయ్యి వణకాలి? గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగోది చదువరి సమయాన్ని ఆదా చేయమనే చెబుతుంది.

లైబ్రేరియన్లు తీసేయడానికి చూసే గుర్తుల్లో ఒకటి నాకు బాగా పనికొచ్చింది: ఈ పుస్తకం ఇంకోచోట తేలిగ్గా దొరుకుతుందా? దొరికేదైతే లిస్టులో గుర్తుపెట్టుకోవాల్సిన పని తక్కువ. ఎల్లప్పుడూ అచ్చులో ఉండే, అందరి నోటా నానే పుస్తకాలను ఎవరూ మర్చిపోరు. అచ్చులో లేనివి, చిన్న పత్రికల్లో వచ్చినవి, ఎవరో ఒక్కరే చెప్పినవి రాసుకోకపోతే పోతాయి. లిస్టులో చోటు వాటికివ్వండి.

మూడు నెలలకు ఒక అరగంట చాలు. పెద్ద లిస్టు తీసి పై నుంచి కిందికి చదవండి. రెండుసార్లు వరసగా చూసినా చిన్న లిస్టులోకి ఎక్కించబుద్ధి కాని పేరు మీద గీత పెట్టండి. తర్వాత "ఇప్పుడు కాదు" అని వదిలేసినవాటిలో ఏదైనా కదులుతోందేమో చూడండి. లేచే ముందు కాగితం మూలన తేదీ వేసి, వచ్చే మూడో నెలకు ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

నా పెద్ద లిస్టు ఇప్పుడు 40 దగ్గర అటూ ఇటూ తిరుగుతోంది. ఆ 900 పేజీలది ఒక స్నేహితుడికి ఇచ్చేశాను, కరెంటు బిల్లుతో సహా. 38వ నంబరు మాత్రం అలాగే ఉంది. ఎందుకో తెలియనివన్నీ కొట్టేయమని మీకు చెప్పిన నేనే, ఆ నీలం అట్ట మీద మూడుసార్లు పెన్సిల్ పెట్టి మూడుసార్లూ వెనక్కి తీసుకున్నాను.